అర మాత్ర

ఉదయం ఎనిమిదికి అర, రాత్రి ఎనిమిదికి అర.
బ్లేడుతో మాత్రని మధ్యకి కోస్తాను,
ఏనాడూ సమంగా తెగదు.
పెద్ద ముక్క రాత్రికి ఉంచుతాను,
దాని జబ్బు చీకట్లోనే కదా లేస్తుంది.

పేరు చుక్కాని.
ఫిషింగ్ హార్బర్లో, ఒడ్డుకి లాగిన బోటు కింద
తారు డబ్బా పక్కన దొరికింది.
అదే బోటుకి చుక్కాని ఊడదీసి బాగుచేస్తున్న ఎర్రయ్య
"దీన్ని అట్టుకుపో పైడీ, నా పనికి అడ్డం" అన్నాడు.
అప్పటికి అది గుప్పెడు. ముక్కు కారేది. కళ్ళలో పుసి.
నెల తిరిగేసరికి ముక్కు ఆరింది,
జ్వరం మాత్రం పోతూ పోతూ
తలలో ఏదో వదిలేసి పోయింది.
ఇప్పుడు పది నెలలది.
తిన్నగా రమ్మంటే ఎడమకి తిరిగి, తిరిగి,
గడప దగ్గరే ఆగిపోతుంది.
పేరు గుర్తొచ్చి ఎర్రయ్య నవ్వాడు.
నవ్వినందుకు నాలుగు కానాగంతలు నా చేతిలో పెట్టి వెళ్ళాడు.

పశువుల ఆసుపత్రిలో మా ముందు ఒక మేక,
దాని ముందు సంచిలోంచి తల బయటపెట్టిన పుంజు.
డాక్టరమ్మ చుక్కాని రెప్ప ఎత్తి చూసి
"ఇది పోయేది కాదమ్మా, తగ్గించుకుంటూ పోవాల్సింది" అంది.
ఆ రెండు పోవడాల మధ్య తేడా తెలియడానికి
నాకు ఒక వానాకాలం పట్టింది.

నేను ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను.
ఏ బోటుకి ఎన్ని దిమ్మలు, ఎవరి బాకీ ఎంత.
ఆ పుస్తకానికే వెనక పేజీలో ఇంకో లెక్క.
జూలై పన్నెండు, రాత్రి రెండుంబావు, యాభై సెకన్లు.
జూలై పంతొమ్మిది, తెల్లారుజామున, నలభై.
ఆగస్టు మూడు, ఒకటిన్నర, నూట పది.
అది మాత్రం వేరే సిరా. మర్నాడు రాసింది.

ఆ సాయంత్రం వాయుగుండం కబురు.
పోర్టులో మూడో నంబరు ఎగరేశారు.
బోట్లన్నీ ఒక్కసారే తిరిగొచ్చాయి.
చేపకి ఐసు కావాలి, ఐసుకి మనిషి కావాలి,
నేను కదిలేసరికి పదిన్నర.
ఎనిమిది గంటల అర మాత్ర
గూట్లో, అగ్గిపెట్టెలో, అలాగే ఉంది.

వేశాను. ఆలస్యం లెక్కలోకి రాకపోతుందా అనుకున్నాను.
వచ్చింది.
పళ్ళు కరుచుకుని, నాలుగు కాళ్ళూ ఈదుతూ,
నీళ్ళు లేని గచ్చు మీద.
మూతి దగ్గర చెయ్యి పెట్టకూడదు, నీళ్ళు పొయ్యకూడదు,
తల కింద పాత చీర జరిపి
లెక్కపెట్టాలి, అంతే.
అలా లెక్కపెట్టడం కంటే దిమ్మలు మొయ్యడం నయం.
అరవై దాటాక అంకెలు వరస తప్పాయి.
ఒళ్ళు పెనంలా కాలుతోంది.
క్యారేజీలో తెచ్చుకున్న ఐసు పలుకులు గుడ్డలో కట్టి
తొడల మధ్య ఆనించాను.
కరెంటు ఎప్పుడో పోయింది.
కోటవీధి రేకులన్నీ గాలికి పళ్ళు కొరుకుతున్నాయి.

పక్కింటి వరాలమ్మ తలుపు సందులోంచి
"మనుసులకే దిక్కునేదు, ఎందుకే ఈ బాద? ఒగ్గీరాదేటి" అంది.
అనీసి, లోపలికెళ్ళి,
లాంతరు పట్టుకొచ్చి నా పక్కనే కూచుంది.

లేచాక దానికి నేనెవరో తెలీలేదు.
గోడకి గుద్దుకుంది. మంచంకోడుని వాసన చూసింది.
నన్ను చూసి గుర్రుమంది.
వణుకు చూడగలను, అది మాత్రం చూడలేను.
చేపల కంపుతో, ఐసు చలితో ఉన్న చెయ్యి
అలా చాపి ఉంచాను.
వరాలమ్మ ఒత్తి తగ్గించింది.
పావుగంటకి కాబోలు, వేలికి నాలిక తగిలింది.

కార్తీకం వచ్చింది.
డాక్టరమ్మ అర మాత్రని అరగానే ఉంచింది.
ఎనిమిదికి ఐదు నిమిషాలుండగానే
చుక్కాని గూటి కిందకి చేరి
ఎడమకి వాలిన తలతో అగ్గిపెట్టెని చూస్తుంది.
కానాగంత ముక్కలో దాచి పెడితే
చేప మింగి, మాత్రని
నేల మీద శుభ్రంగా ఉమ్మేస్తుంది.
మళ్ళీ తీస్తాను. మళ్ళీ దాస్తాను.

వెనక పేజీలో పద్దెనిమిది రోజులుగా ఏమీ లేదు.
ఆ ఖాళీలో ఏం రాయాలో తెలీక
నిన్న దాని బరువు రాశాను,
పదకొండు కిలోలు,
ఐసు దిమ్మల కాటా మీద.
ఒక్క క్షణం నిలబడలేదు, తోక ఊపుతూనే ఉంది.
పక్కన రాశాను: సుమారుగా.